15 రోజుల్లో తగ్గాలనే తొందర ఎందుకు?

జంగారెడ్డిగూడెం: పామాయిల్ మొక్క నాటిన రైతు తొలి గెల కోయడానికి మూడు నాలుగేళ్లు ఆగుతాడు. కొబ్బరి పెట్టినవాడు అయిదారేళ్లు కనిపెట్టుకుని ఉంటాడు. జీడిమామిడి, కోకో కూడా నాటిన మర్నాడు కాయవు. మెట్ట ప్రాంతం రైతుకు ఓర్పు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అంత ఓర్పు గల మనిషే తన ఒంటి బరువు దగ్గరకు వచ్చేసరికి రెండు వారాలు కూడా ఆగలేకపోతున్నాడు. "15 రోజుల్లో 10 కిలోలు తగ్గండి" అని కరెంటు స్తంభానికి అంటించిన కాగితం చూసి, కింద ఉన్న నంబరును ఫోనులో ఎక్కించుకుంటున్నాడు. ఇంట్లో ఆడవాళ్లు పొడి డబ్బాలు, కషాయాలు, నడుముకు కట్టే బెల్టులు తెప్పించుకుంటున్నారు.

ఈ తొందర చూసి నవ్వేవారున్నారు. నోరు కట్టుకోలేక మందులు వెతుక్కుంటున్నారని తీర్పు చెప్పేవారూ ఉన్నారు. అలా అనడం తేలికే గాని, అందులో న్యాయం లేదు. జనం అమాయకులై మోసపోవడం లేదు. తొందరపడక తప్పని పరిస్థితిని చుట్టూ ఉన్నవారే కల్పిస్తున్నారు. ఆ పరిస్థితిని గమనించి సరుకు అమ్ముకునేవారు అమ్ముకుంటున్నారు. నిదానంగా తగ్గే దారి చూపించవలసినవారు మాత్రం ఊరికి రావడం లేదు.

పని తగ్గింది, తిండి మారింది

పూర్వం మెట్ట గ్రామాల్లో ఒళ్లు పెరగడానికి తీరిక ఉండేది కాదు. తాగే నీరు నూతి నుంచి కావిడితో మోయాలి. వడ్లు దంచాలి, పిండి తిరగలిలో విసరాలి. పొలం రెండు మైళ్లున్నా కాలినడకే. పొగాకు సీజనులో బ్యారన్ దగ్గర రాత్రింబవళ్లు కర్రలు ఎగదోస్తూ, మంట చూసుకుంటూ గడపాలి. ఆ కష్టం మళ్లీ రావాలని కోరుకునేవారు ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. నేడు బోరు మోటారు మీట నొక్కితే నీరు వస్తుంది. దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రం, కలుపుకు మందు వచ్చాయి. పొలం గట్టు దాకా మోటారు సైకిలు వెళుతుంది. ఇంట్లో మిక్సీ, గ్రైండరు ఉన్నాయి.

తిండి కూడా ఇంతే మారింది. ఒకప్పుడు మెట్టలో జొన్నన్నం, గంటి అన్నం, చోడి అంబలి రోజువారీ భోజనం. తెల్లన్నం పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో వండేవారు. 1983లో ఎన్‌టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టిన తరువాత పేద ఇంటికి కూడా వరి అన్నం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ మేలును ఎవరూ తక్కువ చేయరాదు. అయితే ఒంటికి పని ఉన్న రోజుల్లో తిన్న ముద్దల లెక్కే పని లేని రోజుల్లోనూ సాగుతోంది. దానికి తోడు నూనె పెరిగింది. వెనకటికి గానుగ నూనెను చిన్న గిద్దెతో కొలిచి వాడేవారు. ఇప్పుడు ప్యాకెట్టు కత్తిరించి మూకుట్లో వంచుతున్నారు. గ్రాము పిండి పదార్థంలో 4 కెలోరీలు ఉంటే గ్రాము నూనెలో 9 ఉంటాయి. సాయంత్రమైతే సెంటర్లో పునుగులు, బజ్జీల బళ్ల దగ్గర జనం నిలబడే ఉంటారు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. పొట్ట మాత్రం కరగదు. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 100కు 36 మంది, పురుషులలో 31 మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో 100 మంది స్త్రీలలో దాదాపు 15 మంది ఉండవలసిన దానికన్నా సన్నగా ఉన్నట్టు కూడా తేలింది. ఒకే వీధిలో ఒక ఇంట్లో రక్తం చాలని పిల్ల, పక్క ఇంట్లో మోకాళ్లు నొప్పులతో మెట్టు ఎక్కలేని తల్లి ఉన్నారన్న మాట. ఇద్దరికీ ఒకే పొడి డబ్బా అమ్మేవారు ఉండడం ఇందులో విచారించవలసిన సంగతి.

సిగ్గుకు గడువు పెడుతున్నారు

బరువు పదేళ్లలో పెరుగుతుంది. తగ్గాలనే కోరిక మాత్రం ఒక్క రోజులో పుడుతుంది. ఆ రోజు ఎలా వస్తుందో ప్రతి ఇంటికీ తెలుసు.

పెళ్లిచూపులు అయి వెళ్లిన వారం రోజులకు మధ్యవర్తి కబురు తెస్తాడు. "అంతా బాగానే ఉంది గాని, పిల్ల కాస్త బొద్దుగా ఉందంటున్నారండి" అంటాడు. కట్నం మాట అయితే బేరమాడవచ్చు. ఈ మాటకు బేరం లేదు. రెండో సంబంధం వచ్చే నెలలో చూడడానికి వస్తారు. అంటే ఆ పిల్లకు దొరికిన గడువు 30 రోజులు. తల్లి అన్నం తగ్గించి వడ్డిస్తుంది, పిన్ని ఏదో కషాయం చెబుతుంది, స్నేహితురాలు సెల్‌ఫోనులో వీడియో చూపిస్తుంది. నెలకు రెండు కిలోలు తగ్గితే చాలునని ఆ సమయంలో ఎవరైనా చెప్పినా ఆ మాట చెవికెక్కదు. ఆమెకు కావలసింది ఆరోగ్యం కాదు, ఆ గడువులోగా మాట పడకుండా బయటపడడం.

పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురికి నెయ్యి, మినప సున్నుండలు పెట్టి పంపిస్తారు. ఆరు నెలలు తిరక్కుండా అత్తవారింట "ఇంత లావయ్యావేమిటమ్మా" అని పలకరింపు మొదలవుతుంది. పెట్టినవారూ అయినవారే, అన్నవారూ అయినవారే. మధ్యలో ఆ తల్లి పాలిచ్చే బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఒక పూట భోజనం మానేస్తుంది.

మగవారికి ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1,600 మీటర్ల పరుగు పెడతారు. నోటిఫికేషను పడ్డాకే చాలామంది కుర్రవాళ్లకు పొట్ట గుర్తుకు వస్తుంది. వయసు మళ్లిన రైతుకు డాక్టరు గుర్తు చేస్తాడు. మోకాలి నొప్పికో, సుగరుకో వెళితే "బరువు తగ్గాలయ్యా" అని ఒక్క మాట చెప్పి తరువాతి రోగిని పిలుస్తాడు. ఎలా తగ్గాలి, ఎంత తినాలి, ఎన్నాళ్లు పడుతుంది అన్నవి చెప్పడానికి ఆయనకు వ్యవధి ఉండదు, బయట 60 మంది కూర్చుని ఉంటారు.

అదే పొడి డబ్బా అమ్మే మనిషి అరగంట కూర్చుంటాడు. "అక్కా" అని పిలుస్తాడు. ఏం తింటున్నారో అడుగుతాడు, కాటా మీద నిలబెట్టి అంకె రాసుకుంటాడు, మళ్లీ వారం రమ్మంటాడు, ఫోను చేసి తగ్గారా అని కనుక్కుంటాడు. అతని సరుకులో పస ఉన్నా లేకపోయినా అతని ఆదరణలో లోటు ఉండదు. మూడు వేల రూపాయలు పోసి జనం కొనుక్కుంటున్నది చాలావరకు ఆ ఆదరణే. నడవమని చెబితే ఎవరికీ రూపాయి మిగలదు. అందుకే నడక గురించి గోడల మీద ప్రకటన కనిపించదు.

తేమ తూకం రైతుకు తెలియదా?

తొందర మందులు వాడినవారు మొదటి వారంలో నిజంగానే రెండు మూడు కిలోలు తగ్గుతారు. నమ్మకం కుదిరేది అక్కడే. అయితే ఆ తగ్గినది ఏమిటన్నది చూడాలి.

ధాన్యం కొనుగోలు కేంద్రానికి పచ్చి ధాన్యం తీసుకువెళితే తేమ శాతం చూసి వెనక్కి పంపుతారు. రెండు రోజులు కళ్లంలో ఎండబెడితే బస్తా తూకం తగ్గుతుంది. గింజ తగ్గిందా? లేదు, తేమ పోయింది. వాన జల్లు పడితే మళ్లీ తూకం పెరుగుతుంది. మనిషి ఒంట్లోనూ ఇదే జరుగుతుంది. కాలేయంలోను, కండలలోను అర కిలో వరకు చక్కెర నిల్వ ఉంటుంది. దీన్ని గ్లైకోజెన్ అంటారు. ప్రతి గ్రాము గ్లైకోజెనూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఒక్కసారిగా మానేస్తే మూడు నాలుగు రోజుల్లో ఆ నిల్వ ఖర్చయి, పట్టి ఉన్న నీరు మూత్రంలో పోతుంది. కాటా మీద రెండు కిలోలు తగ్గుతాయి. కొవ్వు మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే ఉంటుంది. విరేచనాల మందు, మూత్రం ఎక్కువ పోయించే మందు కలిపిన కషాయాల సంగతి కూడా అంతే. నీటితో పాటు ఒంట్లోని లవణాలు పోయి గుండె లయ తప్పే ప్రమాదం దీనికి అదనం.

లెక్క కాగితం మీద వేసి చూస్తే అనుమానం తీరిపోతుంది. ఒక కిలో కొవ్వు కరగడానికి సుమారు 7,700 కెలోరీలు ఖర్చు కావాలి. 10 కిలోలకు 77,000. దాన్ని 15 రోజులకు పంచితే రోజుకు 5,100 పైమాటే. సాధారణంగా ఇంటి పని, చిన్నపాటి బయటి పని చేసుకునే మనిషి రోజంతా ఖర్చు చేసేదే 2,000 అటూ ఇటూ. అంటే 15 రోజులూ పచ్చి మంచినీరు కూడా ముట్టకుండా కటిక ఉపవాసం ఉన్నా 10 కిలోల కొవ్వు కరగదు. ప్రకటనలో చెప్పిన అంకె ఏ మందుతోనూ జరిగే పని కాదు. ఒకవేళ కాటా మీద అంత తగ్గితే, పోయినది నీరూ కండా అని గ్రహించాలి. కండ పోతే బలం పోతుంది. రేపు బస్తా ఎత్తవలసిన మనిషికి అది ఎంత నష్టమో చెప్పనక్కరలేదు.

అంతటితో అయిపోదు. ఒళ్లు తనకు కరువు వచ్చిందనుకుని ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికాలో టీవీ పోటీ కోసం కొద్ది నెలల్లో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఒక్కరు తప్ప అందరూ ఎంతో కొంత తిరిగి పెరిగారు. వారి ఒళ్లు రోజుకు ఖర్చు చేసే కెలోరీలు మాత్రం, వారి బరువుకు ఉండవలసినదానికన్నా 500 వరకు తక్కువగానే ఉండిపోయాయి. తొందరపడి తగ్గినవారు మళ్లీ పెరిగితే అది వారి నోటి చాపల్యం అనడం అందుకే తప్పు.

పేరున్నవారికీ తప్పలేదు

ఈ తొందర పల్లెటూళ్లదే కాదు. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చిత్రంతో తెలుగువారికి పరిచయమైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. లక్షల మంది అభిమానులు, చేతికందే వైద్యం ఉన్న మనిషికే సన్నబడాలనే ఒత్తిడి తప్పలేదు. అదే ఏడాది నవంబరులో 'సైజ్ జీరో' అనే చిత్రం వచ్చింది. అందులో అనుష్క తానే బరువు పెరిగి, లావుగా ఉన్న అమ్మాయి పాత్ర వేశారు. బరువు తగ్గిస్తామని చెప్పి జనం ఆరోగ్యంతో ఆడుకునే వ్యాపారమే ఆ కథకు ఆధారం.

మందుల చరిత్ర కూడా ఇలాగే ఉంది. సిబుట్రమిన్ అనే మాత్రను ఆకలి తగ్గించడానికి ఎన్నో దేశాల్లో అమ్మారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలాక 2011లో భారత ప్రభుత్వం నిషేధించింది. ఆ తరువాత కూడా మూలికల మందు అని పైన రాసి లోపల ఇదే కలిపిన పొడులు, మాత్రలు వివిధ దేశాల తనిఖీల్లో పట్టుబడుతూనే వచ్చాయి. "ఆకులతో చేసింది, హాని ఉండదు" అన్న మాటకు విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

2017, 2018 సంవత్సరాల్లో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార విధానం కోస్తా జిల్లాల్లో పెద్ద కదలిక తెచ్చింది. అన్నం, పిండి పదార్థాలు మాని రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె వంటి కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు తీసుకోవాలన్నది అందులో ముఖ్యం. సభలకు జనం వేల సంఖ్యలో వెళ్లారు. తగ్గామని చెప్పినవారూ చాలామందే ఉన్నారు. ఇది అందరికీ సరిపడదని, ఇన్సులిన్ వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా చేయరాదని వైద్యులు హెచ్చరించారు. ఆ వాదంలో ఎవరి పక్షం ఎలా ఉన్నా ఒక్క సంగతి ఒప్పుకోక తప్పదు. తేట తెలుగులో, ఇన్ని గ్రాములు, ఇన్ని లీటర్లు, ఇన్ని రోజులు అని పల్లె జనానికి అర్థమయ్యే కొలతలు అక్కడ చెప్పారు. అంత స్పష్టంగా ఏ ఆసుపత్రిలోనూ జనానికి ఎవరూ చెప్పలేదు. జనం అటు వెళ్లారంటే తప్పు జనానిది కాదు.

ఇప్పుడు సూది మందుల వంతు వచ్చింది. వారానికి ఒకసారి వేసుకునే మౌంజారో 2025 మార్చిలోను, వెగోవీ జూన్‌లోను మన దేశంలో విడుదల అయ్యాయి. ఇవి పరీక్షలకు నిలిచిన మందులే. తీవ్ర స్థూలకాయం, సుగరు ఉన్నవారికి వైద్యుని చీటీ మీద ఉపయోగపడతాయి. అయితే ఇవీ 15 రోజుల వైద్యం కాదు. వెగోవీలో ఉండే మందును ఏడాదికి పైగా వాడి ఆపినవారు, ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగినట్టు 2022లో ప్రకటించిన పరిశోధన చెబుతోంది. పెళ్లి ముహూర్తం చూసుకుని వేయించుకునే సూదులు కావివి.

బరువుకు వేరే కారణం ఉన్నవారూ ఉన్నారు. థైరాయిడ్ లోపం, ఆడపిల్లల్లో నెలసరి తప్పించే అండాశయ సమస్య ఇందులోకి వస్తాయి. మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరుగుతుంది. వాపు చూసి బలుపనుకోవడం అంటే ఇదే. ఇలాంటివారు పస్తులుండి ప్రయోజనం లేదు. అలాగని వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను సొంతంగా ఒక్కసారి ఆపడం కూడా ప్రమాదమే గనుక ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

41 రోజులు ఉండగలిగినవారు

పల్లె మనిషికి నోటి మీద అదుపు లేదనేవారు కార్తీక మాసంలో ఊళ్లు చూడాలి. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు తెల్లవారుజామున లేచి చన్నీటి స్నానం చేస్తారు. మాంసం, మద్యం, పొగ ముట్టరు. ఒక పూట భోజనం, రెండో పూట అల్పాహారంతో సరిపెట్టుకుంటారు. చెప్పులు లేకుండా నడుస్తారు. గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి సన్నిధికి హనుమాన్ మాలతో వచ్చేవారి నియమమూ ఇలాంటిదే. ఏ పొడీ, ఏ బెల్టూ లేకుండా వీరిలో చాలామంది ఒళ్లు తేలికపడుతుంది.

వారికి అది ఎలా సాధ్యమవుతోంది? భక్తి ఒక కారణం. రెండవది, ఊరంతా సహకరిస్తుంది. మాలలో ఉన్న మనిషికి ఎవరూ బలవంతాన రెండో ముద్ద వడ్డించరు. ఇంట్లో వంట మారుతుంది. పెళ్లికి వెళ్లినా "స్వామి తినరు" అని వారే పక్కకు తప్పుకుంటారు. తోటి స్వాములు తోడుంటారు. ఎవరూ వెక్కిరించరు. మాల తీసిన మర్నాడు ఆ సహకారం అంతా తీసేస్తారు. అందుకే నెల తిరక్కుండా పొట్ట మళ్లీ వస్తుంది.

అదే మనిషి డాక్టరు చెప్పాడని అన్నం తగ్గించుకుంటే ఇంట్లో ఏమంటారు? "ఏం, జ్వరమా? కూర బాగా లేదా?" అంటారు. "చావుకు భయపడుతున్నాడు" అని స్నేహితులు నవ్వుతారు. పెళ్లి భోజనంలో వడ్డించేవారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వదలరు. అయ్యప్ప స్వామికి ఇచ్చే మర్యాదలో పావు వంతు ఆరోగ్యం కోసం పథ్యం ఉన్న మనిషికి ఇస్తే తొందర మందుల వ్యాపారం సగం పడిపోతుంది.

చేయవలసినవి

మొదట ఇంటి నుంచే మొదలు కావాలి. ఆడపిల్ల ఒంటి మీద వ్యాఖ్య చేయడం పెద్దరికం కాదని పెద్దలు గ్రహించాలి. ఇంటిల్లిపాదికీ ఒకే వంట ఉండి, నెల నూనెలో పావు వంతు తగ్గించి, అన్నం కాస్త తగ్గించి, ఆ మేరకు పప్పు, కూర, ఆకుకూర పెంచితే అది ఒకరికి శిక్షలా ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనల్లో పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని చెప్పింది. వారానికి అర కిలో తగ్గడం క్షేమమని, రోజుకు 1,000 కెలోరీలకు తక్కువ తినరాదని కూడా ఆ సంస్థ చెబుతోంది. వారానికి అర కిలో అంటే ఆరు నెలలకు 13 కిలోలు. ఇది ఏ గోడ ప్రకటన ఇచ్చే మాటకన్నా తక్కువ కాదు, పైగా నిలిచే అవకాశం ఎక్కువ.

కాటా లేనివారికి కొలత టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఈ పని ఊళ్లోని ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు బీపీ, సుగరు చూసేటప్పుడే చేయవచ్చు. కొలిచి ఊరుకోకుండా, పొడి డబ్బాల వారిలాగా వచ్చే నెల మళ్లీ కొలిచి, తగ్గితే మెచ్చుకుని, తగ్గకపోతే కారణం అడిగే ఏర్పాటు కావాలి. ఖర్చులేని ఈ ఆదరణ ప్రభుత్వ పక్షాన దొరికితే ప్రజలు వేల రూపాయలు పోయరు.

మూడవది నడిచే చోటు. డాక్టరు నడవమంటే పట్టణంలో ఆడవాళ్లు ఎక్కడ నడవాలి? దేవరపల్లి - జీలుగుమిల్లి జాతీయ రహదారి మీద తెల్లవారకముందే లారీలు తిరుగుతుంటాయి. సందుల్లో కుక్కల బెడద, వీధి దీపాలు వెలగని చోట్ల వేరే భయం. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఉన్నత పాఠశాలల మైదానాలు తెరిచి, దీపాలు పెట్టి, స్త్రీలకు ప్రత్యేకంగా కొంత సమయం కేటాయించాలి. గ్రామాల్లో పంచాయతీలు చెరువు గట్లను ముళ్లకంప తొలగించి నడవడానికి వీలుగా బాగు చేయించవచ్చు. గంట సేపు చురుకుగా నడిస్తే 250 కెలోరీల వరకు ఖర్చవుతాయి. అది కాటా మీద వెంటనే కనిపించకపోయినా సుగరు, బీపీ, నిద్ర విషయంలో ముందే కనిపిస్తుంది.

నాల్గవది చట్టం. అభ్యంతరకరమైన మందుల ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. ఫలానా మందుతో తగ్గిస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో స్థూలకాయం పేరు కూడా ఉంది. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 70 ఏళ్ల నాటి చట్టం ఉండగా స్తంభానికి ఒక కాగితం చొప్పున ఎలా వేలాడుతున్నాయో మందుల తనిఖీ అధికారులు, పురపాలక సిబ్బంది సమాధానం చెప్పాలి. కాగితం మీద నంబరు ఉండనే ఉంటుంది, ఎవరిదో కనుక్కోవడం కష్టం కాదు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు. అయితే నిలబడమని చెప్పేవారు నిలబడడానికి చోటు కూడా చూపించాలి. పామాయిల్ మొక్క నాటిన రైతు నాలుగేళ్లు ఊరికే ఆగడు. తోటి రైతు తోటలో కాపు కళ్లారా చూశాడు, మొక్కకు సాయం అందింది, గెలలు కొనే ఫ్యాక్టరీ ఉందని తెలుసు గనుక ఆగుతాడు. ఒంటి బరువు విషయంలోనూ అటువంటి భరోసా ఇస్తే మెట్ట ప్రజలు ఆరు నెలలు ఆగగలరు. అంతవరకు ఆ కాగితం చూసి నంబరు ఎక్కించుకునే ఆడపిల్లను ఎవరూ తప్పు పట్టరాదు. ఆమెకు గడువు పెట్టినది ఎవరో ముందు వారిని అడగాలి.